కువైట్ బండి ముందు సీటు

మా అనంతపురం వాళ్ళకు విమానాశ్రయం అంటే బెంగళూరుదే. అది పక్క రాష్ట్రంలో ఉంది, అయినా మాదే అనుకుంటాం. గల్ఫ్ నుంచి వచ్చే విమానాలు అక్కడ ఎక్కువగా అర్ధరాత్రి దిగుతాయి. దిగినవాళ్ళు ఊరు చేరడానికి దారులు మూడు. ఎయిర్‌పోర్టు బస్సెక్కి బెంగళూరు లోపలికి పోయి, బస్టాండులో కూర్చుని, అనంతపురం బస్సు పట్టుకోవడం ఒకటి. ఎయిర్‌పోర్టు బెంగళూరికి మన వైపునే ఉంది కాబట్టి ఇది వెనక్కి పోయి ముందుకు రావడం. ఎట్లాగో హైవే మీదికి వచ్చి హైదరాబాదు పోయే బస్సులకు చెయ్యెత్తడం రెండోది. సామానుతో చెయ్యెత్తే మనిషికి రాత్రి పూట ఆపే డ్రైవర్లు తక్కువ. మూడోది మేము, ట్రావెల్స్ బండ్లవాళ్ళం. ఇంటి దగ్గర నుంచే బండి పోయి, మనిషిని ఎక్కించుకుని, మళ్ళీ ఇంటి ముందే దింపడం.

పద్దెనిమిదేళ్ళు నేను ఆ మూడో దారిలో బండి నడిపాను. ఎదురుగా వచ్చే ఒక్కో లైటు రెండుగా కనబడటం మొదలయ్యాక రాత్రి బండి మానేశాను. ఇప్పుడు అదే ట్రావెల్స్‌లో పగలు ఫోను దగ్గర కూర్చుంటాను. కొత్తగా ఎయిర్‌పోర్టు డ్యూటీకి వచ్చే పిల్లలు నన్ను దారి గురించి, టోల్‌గేట్ల గురించి, పోలీసుల గురించి అడుగుతారు. అవన్నీ ఫోనే చెబుతుంది. ఫోను చెప్పనిది ఒకటుంది, ముందు సీట్లో ఎవరు కూర్చోవాలన్నది.

నేను ఏడో తరగతితో బడి ఆపినవాణ్ణి. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను, కిలోమీటరు రాళ్ళ మీద. ఏ రాయి దగ్గర ఉంటే ఇల్లు ఎంతసేపట్లో వస్తుందో చెప్పడం మొదట ఆట, తర్వాత అలవాటు. నాకు బండి నేర్పిన పెద్ద డ్రైవరుకు ఈ లెక్కలంటే నవ్వు. "రాళ్ళు లెక్కపెట్టేది సరేప్పా, నీ పక్కనోడు నిద్రపోయినాడా లేదా చూసుకో" అనేవాడు. ఆయన సూత్రం ఒక్కటే. రాత్రి బండిలో ముందు సీట్లో కూర్చున్నవాడికి ఒక ఉద్యోగం ఉంది, డ్రైవరుతో మాట్లాడటం. మాట్లాడేవాడు కునుకు తీస్తే ఆ కునుకు డ్రైవరుకు అంటుకుంటుంది, ఆవులింత అంటుకున్నట్టు.

చిక్కేమిటంటే, మా వైపు ముందు సీటు మర్యాద సీటు. ఇంటికి పెద్ద ఎవరో ఆయన కూర్చోవాలి. పెద్దాయన అన్నం తిని ఎక్కుతాడు, రాప్తాడు దాటేలోపల గురక మొదలుపెడతాడు. పెద్ద డ్రైవరు దీనికి మందు కనిపెట్టాడు. బండి హైవే ఎక్కగానే పక్కనున్నవాణ్ణి "మీ ఊర్లో వాన ఎట్లుందన్నా?" అని అడిగేవాడు. అనంతపురం జిల్లాలో ఆ ప్రశ్న వేస్తే సరిహద్దు అవతలి బాగేపల్లి దాకా వేరే మాట అక్కర్లేదు. రాని వాన గురించి మాట్లాడినంత సేపు వచ్చిన వాన గురించి ఎవరూ మాట్లాడలేరు.

ఇప్పుడు చెప్పబోయేది నా కళ్ళు చెడకముందు, ఆఖరు సంవత్సరాల్లో జరిగింది.

ఒక మధ్యాహ్నం ఆఫీసుకు కువైట్ నుంచి ఫోను వచ్చింది. ఓనరు స్పీకరు పెట్టాడు. నేను, పెద్ద డ్రైవరు అక్కడే టీ తాగుతున్నాం. మాట్లాడుతున్నది ఒక ఆడమనిషి. ఊరు శింగనమల దగ్గర. ఆరేళ్ళుగా అక్కడ ఒక ఇంట్లో పని చేస్తోంది, ఒక్కసారి కూడా రాలేదు. వచ్చే వారం వస్తోంది.

"చిన్న బండి చాలన్నా. మా నాయన, మా పాప, వాళ్ళిద్దరే రావల్ల. నాయన ముందర కూర్చుంటాడు. పాప నా పక్కన."

"సామాను ఎంతుంటాదమ్మా?" అన్నాడు ఓనరు.

"రెండు బాక్సులు. ఒకటి వెనక పెట్టు, ఒకటి పైన కట్టు. మనుషులు మాత్రం ఇద్దరే. ఆడ నుంచి మా ఊరికి ఎంతసేపన్నా?"

"అనంతపురానికి మూడు గంటలు. మీ ఊరికి ఇంకో ముప్పావు."

"చాల్లే. పాపకు నేను తెలీదు. రెండేండ్లప్పుడు ఇడిచిపెట్టి వచ్చినా. ఫోన్లో చూపిస్తే పక్కకు తిరుగుతాది. ఇంటికి పోయినామంటే జనం. ఆ మూడు గంటలు నా పక్కన కూర్చుంటే కొంచెం అలవాటు పడతాది."

ఫోను పెట్టాక ఓనరు ఏడు సీట్ల బండి తాళాలు నా వైపు తోశాడు.

"చిన్నదే అడిగింది కదప్పా" అన్నాడు పెద్ద డ్రైవరు.

"కువైట్ వాళ్ళందరూ ఇట్లే చెప్తారు. రెండంటారు, నాలుగు బాక్సులు తెస్తారు. చిన్న బండి పంపితే రోడ్డు మీద బాక్సులు పెట్టుకొని మనల్ని తిడతారు. నాకు తెలీదా ఏమి?"

"బాక్సులకు పెద్ద బండి సరే. ఆ బండి ఊర్లోకి పోతే ఏమైతాదో కూడా నీకు తెల్సు."

ఓనరు చేయి విసిరాడు. ఏ తాళాలు ఇస్తే ఆ బండి నాది. తీసుకున్నాను.

పెద్ద డ్రైవరు చెప్పిందే అయింది. శింగనమల దాటి ఆ ఊరి వీధిలో బండి ఆపేసరికి తయారుగా ఉన్నది ముగ్గురు. ఆమె తండ్రి, ఆమె అక్క, ఎనిమిదేళ్ళ పాప. అక్క ఎందుకంటే, ఆమె లేకుండా పాప వీధి కూడా దాటదు. ఆరేళ్ళుగా పెంచింది ఆమే, ఆమెకు పిల్లలు లేరు. పాప ఆమెను "అమ్మా" అని పిలుస్తుంది. ఈ ముగ్గురూ ఎక్కాక బండిలో ఇంకా మూడు సీట్లు ఖాళీగా కనబడ్డాయి. మా వైపు ఖాళీ సీటు చూసి ఇంట్లో నిలబడే మనిషి తక్కువ. అక్క మొగుడు చొక్కా మార్చుకుని వచ్చాడు. ఎదురింటి నుంచి వాళ్ళ మేనమామ, ఆయన భార్య చెప్పులేసుకున్నారు. చిన్న బండి పోయి ఉంటే వీళ్ళెవరూ గడప దిగేవాళ్ళు కాదు.

"అందరూ వస్తే ఆయమ్మ యాడ కూర్చుంటాది?" అని అడిగాను.

"సర్దుకుంటాం పోనీప్పా" అంటూ మేనమామ ముందు సీటు తలుపు తీశాడు. "ఆరేండ్లకు వస్తాండాది. ఇద్దరే పోతే ఏం బాగుంటాది?"

ఆ మాటలోనూ న్యాయం ఉంది. విమానం దిగిన మనిషికి ఎదురుగా ఎంతమంది నిలబడితే అంత గౌరవం. ఆ గౌరవం చేసేవాళ్ళు తిరుగు ప్రయాణంలో సీట్లు కూడా తింటారన్న సంగతి ఎప్పుడూ ఎయిర్‌పోర్టులోనే గుర్తొస్తుంది.

అక్క కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది, అందరూ ఆమెన్ అన్నారు, బయలుదేరాం. మేనమామను వాన గురించి అడిగాను. ఆయనకు పొలం లేదు, కూలికి పోతాడు. "రానీ, రాకపోనీ, నాకేమప్పా" అని తల వెనక్కి వాల్చాడు. పెద్ద డ్రైవరు మందు పనిచేయని మనుషులు కూడా ఉన్నారని ఆ రాత్రి తెలిసింది. ఎయిర్‌పోర్టు ఉన్న దేవనహళ్ళి దాకా ఆయన గురక వింటూ పోయాను.

ఆమె బయటికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటి చాలాసేపయింది. తాళ్ళతో కట్టి, పెద్ద అక్షరాలతో పేరు రాసిన బాక్సులు. సరిగ్గా రెండే. కమ్మీ అవతల తనవాళ్ళను చూసి నడక ఆపింది. ఆమె చూపు ఒక్కొక్కరి మీదా ఆగుతూ పోవడం గమనించాను. లెక్కపెడుతోందని నాకు అర్థమైంది, నేనూ అదే చేసేవాణ్ణి కనుక.

"ఇంతమంది ఎందుకొచ్చినారు?" అంది.

"నీకోసరమే" అన్నాడు మేనమామ.

అక్క పాపను ముందుకు తోసింది. వారం నుంచి నేర్పించి ఉంటుంది. పాప రెండడుగులు వేసి వెనక్కి వచ్చి, అక్క చీర పట్టుకుని, "అమ్మా, ఆమె వచ్చినాది" అంది.

ఆమె వంగబోయి ఆగి, బాక్సు తాడు సరిచేసింది.

బండి ఆపుకునే చోట మనల్ని ఎక్కువసేపు నిలబడనివ్వరు. బాక్సులు రెండూ పైన కట్టేశాను. ఇక మనుషులు. డ్రైవరు కాక ఆరు సీట్లు. పెద్దవాళ్ళు ఇప్పుడు ఆరుగురు. పాప ఎవరో ఒకరి ఒళ్ళో కూర్చుంటే సరిపోతుంది. ఎవరి ఒళ్ళో అన్నది అందరికీ తెలుసు, పాపకు కూడా. అది రెండు చేతులతో అక్క నడుం చుట్టేసింది.

"రామ్మా, మీయమ్మ కాడ కూర్చో" అంటూ మేనమామ పాప చెయ్యి విడిపించబోయాడు. పాప ఏడవలేదు. పళ్ళు బిగించి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"వద్దు మామా. ఇడిచిపెట్టు" అంది ఆమె. "నేను యాడో ఒక చోట కూర్చుంటా. పోదాం."

ఆమె వెనక వరుస వైపు నడిచింది. అక్కడ కూర్చుంటే పాప తల కూడా కనబడదు. మేనమామ మళ్ళీ ముందు తలుపు పట్టుకున్నాడు.

"మామా, నువ్వు వెనక్కి పో" అన్నాను. "ముందర కూర్చున్నోళ్ళు నాతో మాట్లాడల్ల. వచ్చేటప్పుడు నువ్వు నిద్రపోయినావు. పోయేటప్పుడు నువ్వు నిద్రపోతే నేనూ పోతా."

"నేను పడుకోలేదే. కండ్లు మూసుకొని ఉంటి."

"గురక కూడా కండ్లు మూసుకొనే పెట్టినావు లే" అంది ఆయన భార్య వెనక నుంచి.

అందరూ నవ్వారు, కువైట్ నుంచి వచ్చినామె కూడా. మేనమామకు అవమానమే అయింది, శింగనమల చేరేదాకా నాతో మాట్లాడలేదు. అక్కను మధ్య వరుసలో నడిమి సీట్లో కూర్చోమన్నాను. పాప ఆమె ఒళ్ళో. అట్లా కూర్చుంటే ముందు సీట్ల మధ్య సందులోంచి పాపకు రోడ్డు కనబడుతుంది. నేను చెయ్యగలిగింది అంతే. బలవంతంగా ఒళ్ళో పెట్టిన పిల్ల నిద్రపోయేదాకా ఏడుస్తుంది, లేచాక మళ్ళీ ఏడుస్తుంది.

ఆమె ముందు కూర్చుని బూట్లు విప్పింది. విమానంలో పాదాలు వాచాయట. బూట్లు సంచిలో పెట్టి, రబ్బరు చెప్పులు తీసి కింద పెట్టుకుంది కానీ వేసుకోలేదు.

"ఏం మాట్లాడల్లన్నా?" అంది.

"ఏదైనా సరేమ్మా. నువ్వు ఆపితే నాకు నిద్రొస్తాది."

కాసేపు చేతులు చూసుకుంది. తర్వాత మొదలుపెట్టింది. పని చేసే ఇల్లు మూడంతస్తులట. ఆమె గది మిద్దె మీద, బట్టలుతికే మిషను పక్కన. ఎండాకాలం నీళ్ళ కొళాయి తిప్పితే వేడినీళ్ళే వస్తాయట. "ఎండ మనకు కొత్తగాదు గదా" అన్నాను. "ఎండ కొత్తగాదు. మిషనే నిద్రపోనిచ్చేది కాదు" అంది. ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆఖరిది తన పాప ఈడుదే, తను పోయినప్పుడు దానికీ రెండేళ్ళే.

"అది నా చేతి మీదనే పెరిగింది. దానికేం ఇష్టమో, దేనికి అలుగుతాదో అన్నీ తెల్సు. మొన్న పన్ను ఊడితే వాళ్ళమ్మ కంటే ముందు నాకు చూపిచ్చింది. ఆడ మన మాదిరి పన్ను మిద్దె మీదికి వెయ్యరన్నా. సూర్యుని పక్క చూసి ఇసురుతారు. నేనే దాన్ని ఎత్తుకొని ఇసిరిపిచ్చినా. అప్పుడు అనుకున్నా, మా పాపకు పండ్లు ఊడినాయో లేదో నాకు తెలీదే అని. ఫోన్లో నోరు తెరవదు గదా."

వెనక మేనమామ, తాత, మిగతావాళ్ళు అప్పటికే నిద్రలో ఉన్నారు. అద్దంలో చూశాను. అక్క మెలకువగా ఉంది. పాప కళ్ళు మూసుకుని ఉంది కానీ, పిల్లలు నిజంగా నిద్రపోతే మెడ వాలుతుంది. దాని మెడ నిటారుగా ఉంది.

చిక్కబళ్ళాపూరు దాటాక ఆమె గొంతు తగ్గించింది.

"రెండు నెల్లే లీవు. పోయేదానికి కూడా టికెట్టు తీసినారు. పాప నా కాడికి వస్తే పోను. అనంతపురంలో యాదో ఒక పని చూసుకుంటా. రాకపోతే పోతా. దానికి అక్కే అమ్మ అయినాక నేను నడుమ ఎందుకు?"

"అమ్మా అని నేను పిలిపిచ్చుకోలేదమ్మే" అంది వెనక నుంచి అక్క. మేమిద్దరం ఆమె వింటోందని మరిచిపోయాం. "పెద్దమ్మా అని ఎన్నో తూర్లు నేర్పిస్తి. అదే పిలిచింది. వద్దంటే ఏడుస్తాండె."

"నిన్నేమన్నా అంటినా అక్కా?"

"అనలేదు. నువ్వు అనవు. అందుకే చెప్తాండా. అది నీ కాడికి వస్తే నాకు ఇల్లంతా ఖాళీ. అదీ చెప్తాండా. రాకూడదని మాత్రం ఏ పొద్దూ ప్రార్థన చేయలేదు."

నా పనిలో ఇట్లాంటి చోట డ్రైవరు రోడ్డు చూడాలి. రోడ్డు చూశాను. కాసేపటికి ఆమె మళ్ళీ మాటలందుకుంది. ఈసారి చిన్న సంగతులు, అక్కడి రొట్టెలు, చేపలు, ఆదివారం ప్రార్థనకు పోనిచ్చేవాళ్ళా లేదా. బాగేపల్లి టోలు దగ్గర ఇంకా మాట్లాడుతూనే ఉంది. కొడికొండ చెక్‌పోస్టు దాటి మన రాష్ట్రంలోకి వచ్చాక, "ఈడ నుంచి మనదే గదా" అని, ఏదో చెప్పబోయి, వాక్యం మధ్యలోనే నిద్రపోయింది. కువైట్లో పొద్దున లేచిన మనిషి. లేపబుద్ధి కాలేదు. అద్దం కొంచెం దించి చల్లగాలి పెట్టుకున్నాను. చక్రాల చప్పుడు తప్ప బండిలో ఏమీ లేదు.

"డ్రైవరు మామా."

సందులోంచి పాప తల ముందుకు వచ్చింది.

"ఆమె పడుకుంది. నీకు నిద్రొస్తాందా?"

"వస్తాంది" అన్నాను. అది నిజం.

"నేను మాట్లాడేదా?"

పద్దెనిమిదేళ్ళలో ఆ ఉద్యోగం అడిగి తీసుకున్న మనిషి అదొక్కతే. "మాట్లాడు" అని, అలవాటుగా, "మీ ఊర్లో వాన ఎట్లుంది?" అన్నాను.

"యాడ వాన మామా" అంది, పెద్దదానిలా. "శెనక్కాయ ఎండిపాయ అని తాత చెప్పినాడు. మా చెరువు చానా పెద్దది. నీళ్ళుంటే కొంగలొస్తాయి. నీళ్ళు మాకు రావు, సేన్లుండే వాళ్ళకు పోతాయి." అక్కడ నుంచి బడి, బడిలో గుడ్డు, గుడ్డు పచ్చసొన తినని పక్క పిల్ల, ఆ సొన తను తినడం, టీచరమ్మ స్కూటీ. ఆగినప్పుడల్లా నా ముఖం వైపు వంగి చూసేది, నిద్ర వస్తోందా అని. గొంతు మాత్రం పెంచలేదు. ఒకసారి నేను గట్టిగా నవ్వితే, "మెల్లిగా మామా, ఆమె లేస్తాది" అంది. పెనుకొండ కొండ చీకట్లో దాటిపోయింది. వెనకాల అక్క కిటికీ వైపు తల తిప్పుకుని కూర్చుంది. ఆమె నిద్రపోలేదు.

రాప్తాడు ముందున్న టోల్‌గేటు దగ్గర వెలుతురుకు ముందు సీట్లో ఆమె ఉలిక్కిపడి లేచింది.

"నిద్రపోతినే అన్నా. నువ్వెట్ల తోలుకొస్తివి? ఎవరు మాట్లాడినారు?"

నేను చెప్పలేదు. పాప తల వెనక్కి పోయింది, మళ్ళీ కొంచెం ముందుకు వచ్చింది.

"కొడికొండ కాడి నుంచి నేనే" అంది. ఆ తర్వాత, ఎవరి వైపూ చూడకుండా, "నా పన్ను మిద్దె మీదికేసినాం. రెండు తూర్లు కింద పడింది. మూడో తూరి నిలిచింది."

ఆమె వెనక్కి తిరిగింది. "ఏ పన్ను?"

పాప నోరు తెరిచింది. టోలు దీపాల కింద మా ముందు ఒక లారీ ఆగి ఉంది. ఆమె వేలితో ఒక్కొక్క పన్నూ తాకి, "ఇదా?" అంది. పాప తల అడ్డంగా ఊపింది. "ఇదా?" మళ్ళీ అడ్డంగా. సరైన పన్ను దొరికేసరికి లారీ పోయి చాలాసేపయింది, వెనక బండ్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు. ముందుకు పోనివ్వమని బండిలో ఎవరూ చెప్పలేదు, నేనూ తొందరపడలేదు.

అయినా పాప ఆమె ఒళ్ళోకి రాలేదు. అక్క ఒళ్ళోనే నిద్రపోయింది. ఊరు చేరేసరికి తెల్లవారుతోంది. వీధిలోవాళ్ళు చుట్టుముట్టారు. బాక్సులు దించాను. ఆమె నిద్రమత్తులో ఉత్తకాళ్ళతోనే దిగి, ఎవరో పట్టుకుంటే ఇంటి వైపు నడిచింది. అక్క ముందు పోతోంది. పాప ఆవులిస్తూ ఆఖర్న దిగి, ముందు సీటు కిందికి తొంగిచూసి, అరిచింది.

"అమ్మా, అమ్మ చెప్పులు బండిలోనే ఉండాయి."

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి వెనక్కి తిరిగారు. ముందు తేరుకున్నది అక్కే. "తీసుకొని పోయి ఇయ్యి, పో" అంది. పాప రబ్బరు చెప్పులు రెండూ ఒక చేత్తో పట్టుకుని పోయి వాళ్ళమ్మ కాళ్ళ ముందు పెట్టింది. ఎడమది కుడి వైపు పెట్టింది. ఆమె అట్లాగే తొడుక్కుంది.

మేము తెచ్చిన మనుషుల్ని మళ్ళీ ఎయిర్‌పోర్టులో దింపేది సాధారణంగా మేమే. రెండు నెలలు కాగానే ఆ ఇంటి నుంచి ఫోను వస్తుందని చూశాను. రాలేదు. ఒకరోజు ఓనరే గుర్తు చేశాడు.

"శింగనమల పక్క కువైటామె బండి చెప్పలేదేమప్పా?"

"చెప్పలేదు."

"పెద్ద బండి పంపినామని అలిగి వేరేవాళ్ళను పెట్టుకొని ఉంటాది."

"అయ్యుండొచ్చు" అన్నాను.

పెద్ద డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టి, "పోయేటప్పుడు చిన్న బండి చాలని ఆయమ్మ చెప్తే, ఈసారన్నా విను" అన్నాడు ఓనరుతో. కానీ ఆ ఫోను మూడో నెలలోనూ రాలేదు, ఆ సంవత్సరమూ రాలేదు.